మా చిన్నమ్మకు ఇవ్వని రొట్టె

మంగళవారం పొద్దున నేను బడికి తయారవుతుండగా ఎల్లారెడ్డి నుంచి చెల్లె, మా చిన్నమ్మ కూతురు, ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయింది" అంది. నేను ఏదో అనేలోపే, "మన సమాధుల తోటల పెట్టనిస్తరా అన్నా? జర పాస్టర్ అయ్యగారిని అడుగు. వద్దంటే వేరే జాగ చూసుకోవాలె" అంది.

తల్లి పోయిన కూతురు ముందు కడుపారా ఏడవాలి. మా చెల్లెకు ఆ పాటి తీరిక కూడా దొరకలేదు. తల్లికి మట్టి దొరుకుతుందో లేదో ముందు తేల్చుకోవాల్సి వచ్చింది. నన్నే ఎందుకు అడిగిందంటే, ఆ అనుమానం ఆమెకు రావడానికి కారణం నేనే. చిన్నమ్మ మంచితనం గురించి చెప్పడానికి ఎల్లారెడ్డిలో చాలామంది ఉన్నారు. నేను చేసిన పని గురించి చెప్పడానికి మాత్రం నేనొక్కడినే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముని భార్య. పుట్టిల్లు రాజంపేట దిక్కు. వాళ్లు హిందువులు, మేము క్రైస్తవులం. పెళ్లయి మా ఇంటికి వచ్చిన రెండేళ్లకు, ఎవరూ బలవంతపెట్టకుండా, తనంతట తానే బాప్తిస్మం తీసుకుంది. చిన్నాయన తొందరగా పోయాడు. ఆ తర్వాత ఒక్కగానొక్క కూతురిని బీడీలు చుట్టే పెంచింది.

మా అమ్మా బాపూ కూలికి పోతూ నన్ను ఆమె దగ్గర వదిలేవాళ్లు. గడప పక్కన గోడకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని కూర్చునేది. తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. పగలు ఆ చేతులు ఆగడం నేను చూడలేదు. ప్రార్థనలో కూడా ఆగేవి కావు. "కండ్లు మూసుకోవా చిన్నమ్మా?" అని అడిగితే, "కండ్లు మూస్తే ఆకు పాడైతది. దేవునికి నా కండ్లతోని ఏం పని? నా మాట ఇనవడ్తే సాలు" అనేది. నాకు బైబిలు వాక్యాలన్నీ ఆ చేట పక్కనే వచ్చాయి. తప్పు చెబితే కత్తెర పిడితో మోకాలి మీద ఒక్కటి తగిలేది. ఒప్పు చెబితే పిడికెడు ఉడికించిన శనగ గుడాలు దొరికేవి. నాకు గుడాల కోసం వచ్చిన వాక్యాలే ఎక్కువ.

ఒకసారి మా చర్చికి బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, బీడీలు చుట్టేవాళ్లు లోకుల పాపానికి సాయం చేస్తున్నట్టే అని గట్టిగా చెప్పాడు. ఆ గుడిలో బీడీలు చుట్టని ఆడమనిషిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరూ తలలు దించుకున్నారు. ప్రసంగం అయిపోయాక చిన్నమ్మ ఆయన దగ్గరికి పోయి, "అయ్యగారూ, నేను చుట్టకుంటే తాగేటోడు మానడు. నా బిడ్డ అన్నం తినుడు మానుతది. గిది గూడ జర ప్రభువుకు చెప్పుండ్రి" అంది. ఆయన నవ్వలేక నవ్వాడు. ఆ పూట భోజనం చిన్నమ్మ ఇంట్లోనే చేశాడు. బీడీల పైసలతో వండిన కోడికూర రెండుసార్లు వేయించుకున్నాడని ఆమె చాలా కాలం చెప్పుకుని నవ్వేది.

డిగ్రీకి కామారెడ్డి వచ్చాక నేను చెడిపోయాను. దీనికి వేరే మాట వెతుక్కోవడం అనవసరం. ముగ్గురు స్నేహితులతో ఒక గది, సాయంత్రమైతే సీసాలు. మూడేళ్లు గుడి ముఖం చూడలేదు. ఊరికి పోయినప్పుడు ఒక ఆదివారం తాగి, సరిగ్గా ఆరాధన వదిలే వేళకు గుడి ముందే పడిపోయాను. సంఘపెద్దలు కూర్చుని సంఘసభ్యుల పుస్తకంలో నా పేరు కొట్టేద్దామనుకున్నారు. "వాడు రక్షణ పోగొట్టుకున్నడు, కొట్టేయుండ్రి" అన్నది మా బాపే. అప్పుడు చిన్నమ్మ ఆడవాళ్ల దిక్కు నుంచి లేచిందట.

"పోగొట్టుకునుడేంది? రేషన్ కార్డుల పేరు తీసేస్తే పోరడు ఇంట్ల లేనట్టా? వాడు ప్రభువు చెయ్యి ఇడిచిపెట్టిండు, నిజమే. ప్రభువు వాని చెయ్యి ఇడిచిండని మీకెవ్వలు చెప్పిన్రు?"

పుస్తకం పట్టుకున్న పెద్దమనిషి పెన్ను మూత పెట్టేశాడు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత మా అమ్మ చెబితే తెలిసింది. చిన్నమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఆమె ఒకసారి బస్సెక్కి కామారెడ్డిలో నా గదికి వచ్చింది. మంచం కింద సీసాలు చూసింది. వాటిని ఒక మూలకు జరిపి, గది ఊడ్చి, తెచ్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు నా ముందు పెట్టింది. పోయేటప్పుడు, "ఐతారం నాడు చాప కొసకు నీ జాగ ఖాళీగనే ఉంచుతున్న. ఎవ్వలన్న కూసుంటే జరగుమంటున్న. మస్తు మంది నన్ను తిడుతున్రు, జర జల్ది రా" అంది. జల్దీ ఏమీ పోలేదు. ఇంకో ఏడాది పట్టింది. పోయిన రోజు ఆ జాగ ఖాళీగానే ఉంది.

తిరిగి వచ్చినవాడికి ఉండే పొగరు వేరు. నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. కామారెడ్డిలో కాపురం పెట్టాను. రెండేళ్లు శనివారం వాక్య తరగతులకు పోయాను. కొన్నాళ్లకు నన్నే సంఘపెద్దను చేశారు. ఎల్లారెడ్డిది మా కామారెడ్డి సంఘానికి శాఖ. అక్కడ నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ బాప్తిస్మమైనవాళ్లు రొట్టె తీసుకునే ఆరాధన, ఉంటుంది. అయ్యగారి వెంట లింగంపేట మీదుగా రొట్టె డబ్బా పట్టుకుని పోవడం, పళ్లెంలో పెట్టి వరుస వరుసకూ పంచడం నా పని. ఆ పని చేసేటప్పుడు నా నడక కూడా మారేదని మా ఆవిడ ఆటపట్టించేది. నిజమే అయి ఉంటుంది.

తరగతుల్లో నేను నేర్చుకున్న వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. యేసును నమ్మి పాపాల నుంచి విడుదలైన మనిషి, దొరికిన ఆ రక్షణను పోగొట్టుకోవచ్చని. దానికి నా దగ్గర వాక్యాల వరుస ఉండేది. చిన్నమ్మకు ఆ మాట గిట్టేది కాదు. నేను ఒకటి చదివితే ఆమె ఒకటి అప్పజెప్పేది. నావి ఎర్ర గీతలు గీసి పెట్టుకున్నవి, ఆమెవి నోటికి వచ్చినవి. చివరికి ఆమె, "కొడకా, నువ్వు సదువుకున్నోనివి, నీదే ఒప్పనుకుంట. మరి నువ్వు మూడేండ్లు తాగి తిరిగినప్పుడు నీ రక్షణ యాడున్నది? నా కొంగుల ముడేసుకున్ననా?" అనేది. నేను నవ్వేసేవాడిని. జవాబు లేనప్పుడు నవ్వడం మాస్టర్లకు బాగా అలవాటు. ఈ ప్రశ్నకు రెండు వైపులా వాక్యాలున్నాయి. నాకన్నా ఎన్నో రెట్లు చదివినవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం తేల్చేసుకున్నాను.

నాలుగేళ్ల కింద చిన్నమ్మ తమ్ముడు పోయాడు. ఆమెకు ఒక్కడే తమ్ముడు. అతనికి ఒక్కడే కొడుకు, మస్కట్‌లో పని. పాస్‌పోర్టు పనిచ్చిన సేటు దగ్గర ఉంది, అతను ఇవ్వనన్నాడు. దాయాదులైన పాలోళ్లతో పొలం గట్టు దగ్గర పంచాయితీ ఉండడంతో వాళ్లు కొరివి పట్టేది లేదన్నారు. అద్దెకు తెచ్చిన ఐస్ పెట్టెలో రెండు రోజులు శవాన్ని ఉంచారు. రెండో రోజు కరెంటు పోతూ వస్తూ ఉంది. అప్పుడు చిన్నమ్మ తలమీద నీళ్లు పోసుకుని, తడిచీరతోనే నిప్పుకుండ పట్టుకుంది. చితి చుట్టూ తిరిగి, కుండ వదిలి, కొరివి పెట్టింది.

అంతటితో అయిపోతే ఎలా ఉండేదో. మా దిక్కు మూడో రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి కాకికి పెడతారు. కాకి ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోయిందని అనుకుంటారు. ఆ రోజు ఎంతసేపటికీ కాకి రాలేదు. ఎండ ముదిరింది. చిన్నమ్మ విస్తరి దగ్గరికి పోయి, రెండు చేతులూ పైకెత్తి, "తమ్మీ, నీ కొడుకును నేను సూసుకుంట. నువ్వు రంది పడకు, తిను" అంది. కాకి వచ్చి ముట్టింది. ఎవరో ఫోన్లో తీశారు. ఆమె ఎల్లారెడ్డి చేరేలోపే ఆ వీడియో మా సంఘం వాట్సాప్ గ్రూపుకు చేరింది.

తర్వాతి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలం కూర్చున్నాం. చిన్నమ్మను పిలిచారు. నలుగురు నాలుగు మాటలు అన్నారు. విగ్రహారాధన అన్నారు, పడిపోయింది అన్నారు. అయ్యగారు మెత్తని మనిషి. నా వైపు తిరిగి, "నీ చిన్నమ్మ కదా, నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే దీన్ని ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు.

నేను 'వదిలేద్దాం' అంటే సరిపోయేది. అనలేదు. సొంత మనిషని కాపాడుకున్నాడంటారని భయపడ్డాను. ఆ భయం బయటికి కనపడకూడదని అందరికన్నా గట్టిగా మాట్లాడాను. నా వాక్యాల వరుస మొత్తం చదివాను. లేచి తప్పు ఒప్పుకోమన్నాను.

"మా తమ్మునికి ఆడ నేను తప్ప ఎవ్వలు లేకుండె" అంది చిన్నమ్మ. "ఎవ్వలు లేనోన్ని సాగనంపిన. గది తప్పని నా నోటితోని ఎట్ల అనాలె? అంటే ప్రభువు ముంగట అబద్ధమాడినట్టైతది."

"మరి కాకితో మాట్లాడటం?"

"కాకితోని ఎందుకు మాట్లాడ్త బిడ్డా? నా తమ్మునితోని మాట్లాడిన. గంతకుముందు రోజు ఐస్ పెట్టె మీద చెయ్యేసి గూడ మాట్లాడిన. గది వీడియోల రాలేదా?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. నాకు కోపం వచ్చింది. "రక్షణ ఉన్నవాళ్లే రక్షణను పోగొట్టుకుంటారు. మీరు పోగొట్టుకున్నారు. ఒప్పుకునే వరకు మీకు బల్లలో భాగం లేదు" అన్నాను.

మా ఇళ్లల్లో చిన్నమ్మను 'మీరు' అనం. పుట్టి బుద్ధెరిగాక నేను ఆమెను అలా పిలిచింది ఆ ఒక్కసారే. ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మీద ఊరికే తిరుగుతోంది, మధ్యలో ఆకు ఉన్నట్టు. "గుడికి రావొచ్చా బిడ్డా, రావొద్దా?" అని అడిగింది.

"రావొచ్చు" అన్నాను.

"రానిస్తున్రు గదా. గంతే సాలు" అని చెంగు దులుపుకుని లేచింది. నేను పుస్తకంలో ఆమె పేరు పక్కన 'విగ్రహారాధన, బల్లకు దూరం' అని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అలాంటివన్నీ నాతోనే రాయిస్తారు.

నాలుగేళ్లు ఒక్క ఆదివారం కూడా మానకుండా వచ్చింది. మామూలు ఆదివారాల్లో తన చోటనే కూర్చునేది. మొదటి ఆదివారం మాత్రం, బల్ల సమయానికి లేచి, చివరి చాప వెనక్కి, బాప్తిస్మం కాని చిన్నపిల్లల్లోకి పోయేది. పిల్లలకు రొట్టె ఇవ్వం కాబట్టి పళ్లెం చివరి చాప దాకే పోతుంది. "అవ్వా, నీకు గూడ ఇయ్యరా?" అని వాళ్లు అడిగితే, "నాకు గూడ ఇంక బుద్ధి రాలేదంట. మీతోనే కూసుంట" అని చెప్పేదట. వాళ్లను అల్లరి చేయకుండా చూసుకునేది. ఆమె అక్కడ కూర్చున్నాక వెనక గోల తగ్గిందని ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు కూడా.

అంతకుముందు ప్రతి మొదటి ఆదివారం నా భోజనం చిన్నమ్మ ఇంట్లోనే. ఆ తీర్మానం తర్వాత ఒక నెల, పనుందని చెప్పి తప్పించుకున్నాను. రెండో నెల ఆమె గుడి మెట్ల మీదే నా సంచి గుంజుకుంది. "బల్ల మీది, నాకియ్యకుండ్రి. అన్నం నాది, నీకు పెడ్త. నడువు" అంది. నడిచాను. ఆ నెల తిన్నాను, ఆ తర్వాత కూడా తిన్నాను. నాలుగేళ్లపాటు పొద్దున ఆమెకు ముక్క రొట్టె పెట్టకుండా దాటిపోయి, మధ్యాహ్నం ఆమె పెట్టిన అన్నం తిన్నాను. అప్పుడు అది నాకు వింతగా కూడా అనిపించలేదు.

మధ్యలో నా మనసు మెత్తబడలేదని కాదు. ఒకసారి అన్నం తింటూ, "చిన్నమ్మా, 'నాకు బాధైంది' అని ఒక్క మాట అను సాలు. మిగిలింది నేను రాసుకుంట" అన్నాను.

"బాధైతే మా తమ్ముడు పోయినందుకైంది. గది రాసుకుంటవా?" అని ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆమె వంగాలని నేను చూశాను. నేను వంగొచ్చనే సంగతి నాకు తట్టలేదు. తట్టినా, అది నా ఒక్కడి చేతిలో లేదని, సంఘం తీర్మానమని చెప్పుకునేవాడిని. ఆ తీర్మానం నా నోట్లోంచి వచ్చి, నా చేత్తో పుస్తకంలోకి ఎక్కిందన్న సంగతి పక్కన పెట్టేసేవాడిని.

పోయిన నెల ఆమెను కామారెడ్డి దవాఖానలో చేర్చారు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఈసారి కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. దవాఖాన మా ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. శుక్రవారం బడి అయ్యాక పోయాను. మంచం మీద చిన్నదైపోయి కనిపించింది. పిల్లలెట్లున్నరు, బడెట్ల నడుస్తుంది అని అడిగింది. తర్వాత, "మొదటి ఐతారం ఎప్పుడు బిడ్డా?" అంది.

"ఇంక తొమ్మిది రోజులుంది చిన్నమ్మా."

"తొమ్మిది రోజులా" అని లోపల లెక్క వేసుకుంది. "జర దూరమే ఉంది."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు అబద్ధం చెప్పలేను. రొట్టె మా ఇంట్లోనే తయారవుతుంది. మా ఆవిడ ఆ సాయంత్రమైనా ఒకటి కాల్చి ఇచ్చేది. ఒక్క ఫోన్ చేస్తే అయ్యగారు దవాఖానకు వచ్చేవాడు. నేను, "అప్పటికి ఇంటికి పోతవు తియ్యి. నేను ఐతారం వస్తగా" అన్నాను. ఆమె తల ఊపి, నా చెయ్యి పట్టుకుని కొద్దిసేపు అలాగే ఉంచుకుంది.

తిరిగి ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈ మొదటి ఆదివారం, ఒప్పుకోలూ లేదు ఏమీ లేదు, ఎవరేమనుకున్నా సరే, పళ్లెం ఆమె దగ్గరికి తీసుకుపోతాను. ఆ ఆలోచన నాకే చాలా గొప్పగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. శనివారం ఆమెను ఎల్లారెడ్డికి తీసుకుపోయారు. మంగళవారం పోయింది. ఆదివారానికి ఇంకా ఐదు రోజులుంది.

ఇవ్వాలనుకున్నానని ఇప్పుడు చెప్పడం తేలిక. ఆమెకు ఆ సంగతి తెలియకుండానే పోయింది.

ఆ పొద్దున అయ్యగారికి ఫోన్ చేసి, సమాధుల తోట సంగతి అడిగాను. "దానికి కూడా నన్ను అడగాలా? ఆ రోజు నువ్వు అంత గట్టిగా..." అని, మధ్యలో ఆపేసి, "తవ్వించమని చెప్పు. నేను బయల్దేరుతున్నా" అన్నాడు. ఆయన ఆపేసిన మాటను నేను ఎల్లారెడ్డి దాకా మోసుకుపోయాను.

సమాధుల తోట గేటు దగ్గర ఒకతను గుండుతో నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోతే గాని గుర్తుపట్టలేదు. చిన్నమ్మ మేనల్లుడు. పోయినేడు మస్కట్ నుంచి వచ్చేశాడు. తండ్రికి తీయించుకోలేకపోయిన తలవెంట్రుకలు మేనత్తకు తీయించుకుని వచ్చాడు. "లోపలికి రావొచ్చా బావా, రావొద్దా?" అని అడిగాడు.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. గుండు చూసి ఇద్దరు ముగ్గురు గుసగుసలాడారు. అతను శవపేటికకు ముందు వైపు భుజం పట్టాడు. మట్టి వేశాక నా పక్కన నిలబడి, "మా నాయన పోయినప్పుడు ఆడ పిచ్చి లేసినట్టైంది బావా. అత్త ఫోన్ల, 'ఏడువకురా, నీ బదులు నేను పెట్టిన, మీ నాయన మంచిగనే పోయిండు' అన్నది. గా మాటతోనే మూడేండ్లు ఆడ ఎల్లదీసిన" అన్నాడు. మేము పుస్తకంలో పాపమని రాసుకున్నది దాన్నే.

అందరూ పోయాక చెల్లె నాకు అన్నం పెట్టింది. నేను తినలేక కలుపుతూ కూర్చున్నాను. "తిను అన్నా. నీకు వండిపెట్టినంక గాని అమ్మ తినకపోయేది, మొదటి ఐతారం" అంది.

"నాకు మర్యాద చేసుడు గదా" అన్నాను.

"మర్యాద కాదన్నా. ఆ రోజు పొద్దున్నుంచి ఏం ముట్టకపోయేది. చాయ్ గూడ తాగకపోయేది. షుగర్ గోలీ గూడ ఏసుకోకపోయేది. నేను కొట్లాడేదాన్ని, ఎట్లైన నీకు ఇయ్యరు గదా, ఎందుకే ఉపాసం అని. 'ఇయ్యాల ఇస్తరేమో. తినిపోయినంక ఇస్తే ఎట్ల తీసుకోవాలె?' అనేది."

నాలుగేళ్లు. ప్రతి మొదటి ఆదివారం ఆమె సిద్ధపడి వచ్చింది. నేను ప్రతిసారీ చివరి చాప దగ్గర తిరిగిపోయాను. పరగడుపున వచ్చిన మనిషి చేతి వంట కడుపు నిండా తిని, మధ్యాహ్నం బస్సులో కునుకు తీసుకుంటూ కామారెడ్డి వచ్చేవాడిని. ఆ షుగర్‌కు ఆ ఉపవాసాలు ఎంత చేటు చేశాయో డాక్టర్లను అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

రక్షణ పోతుందా, పోదా? ఇప్పటికీ నాకు తెలియదు. నా వాక్యాలు పుస్తకంలో అలాగే ఉన్నాయి, ఆమెవీ అలాగే ఉన్నాయి. పోగొట్టుకున్న మనిషి నాలుగేళ్లు ఆకలితో అలా ఎదురుచూస్తుందా అన్నది మాత్రం నన్ను వదలడం లేదు. మూడేళ్లు తాగి తిరిగిన నా పేరు కొట్టేయకుండా ఆమె అడ్డం నిలబడింది. ఆమె పేరు పక్కన రాసింది నేను.

మొన్న మొదటి ఆదివారం, బల్లకు ముందు లేచి నిలబడి నా తప్పు ఒప్పుకుంటానని అయ్యగారికి చెప్పాను. "అంత అవసరమా?" అన్నాడు. అలా అంటాడని నేను కొంచెం ఆశపడ్డానని కూడా ఒప్పుకోవాలి. నిలబడ్డాను. చిన్నమ్మను అన్న మాట అనడానికి నాకు అధికారం లేదని, మంచి పేరు కోసం అన్నానని, దవాఖానలో ఆమె అడిగితే తెలిసి కూడా ఇవ్వలేదని చెప్పాను. ఒప్పుకున్నవాళ్లు ఒక నెల బల్లకు దూరంగా ఉండాలని మా సంఘం నియమం. అది పెట్టించింది కూడా నేనే. అయ్యగారు దాన్ని పక్కన పెట్టబోయాడు, నేను వద్దన్నాను. రొట్టె పళ్లెం ఇంకో పెద్దమనిషి చేతికిచ్చి, చివరి చాప వెనక్కి పోయి పిల్లల మధ్య కూర్చున్నాను.

పొద్దున్నుంచి నేనేమీ ముట్టలేదు. చాయ్ కూడా తాగలేదు. ఇన్నేళ్లలో బల్లకు అలా రావడం నాకు అదే మొదలు. ముందు వరుసల నుంచి పాట మెల్లగా వినిపిస్తోంది. పళ్లెం ఒక్కో చాప దాటుకుంటూ దగ్గరికి వచ్చింది. రొట్టె వాసన ఇక్కడి దాకా వస్తుందని నాకు ఎప్పుడూ తెలియదు. చివరి చాప కొసకు కూర్చున్న ముసలాయనకు ఇచ్చాక ఆ పెద్దమనిషి ఒక్క క్షణం ఆగి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగాడు. అక్కడ కూర్చున్నవాళ్లకు పళ్లెం పట్టుకున్న మనిషి ముఖం కనిపించదు. తెల్లచొక్కా వీపు మాత్రం కనిపిస్తుంది, బల్ల దాకా నడిచిపోతూ. నాలుగేళ్లు ఆమె చూసింది నా వీపు.